కనబడని వయొలిన్లు

ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, జూన్ ఒకటో తేదీ నుంచి టెలివిజన్ సీరియళ్ళలో ఏ పాత్రా కనబడని వయొలిన్ల సాయంతో ఏడవరాదు. ఏడవదలచిన పాత్రలు వాయించేవారిని వెంట తెచ్చుకోవలెను. వాయించేవారు కెమెరాకు కనబడవలెను. వారు వాయించునది కథలోని పాత్రలందరికీ వినబడవలెను.

మనిలాలోని ప్రసార సత్యసంధతా మండలి జారీ చేసిన ఈ ఉత్తర్వును చూసి నవ్వినవాళ్ళున్నారు. దాని వెనక ఎంత మేధస్సు ఖర్చయిందో వాళ్ళకు తెలియదు. ఇలోయిలోలో ఉండే ఒక విశ్రాంత లెక్కల టీచరు మండలికి ఉత్తరం రాసింది. ఫలానా సీరియల్ పద్నాలుగో ఎపిసోడ్‌లో కథానాయిక నడిసముద్రంలో, చిల్లుపడిన పడవలో, ఒంటరిగా ఏడుస్తుండగా ఇరవై వయొలిన్లు మోగాయి. ఆ వాయించేవాళ్ళు ఎక్కడున్నారు? పక్క పడవలో ఉన్నారనుకుంటే, ఇరవై మందిలో ఒక్కడైనా చేతిలో కమాను కింద పెట్టి ఆ పిల్లకో తాడు ఎందుకు విసరలేదు?

మండలి ఈ ఉత్తరం మీద మూడుసార్లు సమావేశమైంది. మొదటి సమావేశంలో, ఆ రోజు వయొలిన్లతో సముద్రంలోకి వెళ్ళిన పడవ ఏదైనా నమోదై ఉందేమోనని తీరరక్షకుల దగ్గర వాకబు చేశారు. లేదని తేలింది. రెండో సమావేశంలో, వయొలిన్లు కథానాయిక హృదయంలో మోగి ఉండవచ్చునని ఒక సభ్యుడు సూచించాడు. డాక్టరు సర్టిఫికెట్ ఉందా అని అధ్యక్షులు అడిగారు. సభ్యుడు కూర్చున్నాడు. మూడో సమావేశంలో అధ్యక్షులు లేచి ఇలా సెలవిచ్చారు:

"సంగీతం గాలిలోంచి ఊడిపడదు. ఊడిపడుతుందని మన పిల్లలు ఇవాళ నమ్మితే, రేపు అన్నం కూడా అలాగే ఊడిపడుతుందని నమ్ముతారు. ఎల్లుండి ప్రభుత్వం కూడా అలాగే నడుస్తుందనుకుంటారు. అప్పుడు దేశం ఏం కావాలి?"

ప్రసంగం చివర వాయించడానికి ఎవరూ లేకపోవడం వల్ల సభ్యులు చప్పట్లతో సరిపెట్టుకున్నారు. ఉత్తర్వు వెలువడింది.

ఇక మా సంగతి. బులకాన్‌లో మా ఊరు సాన్ బెనితో. మా బ్యాండు మేళానికి తొంభై ఏడేళ్ళు. మమ్మల్ని దూరం నుంచి చూసినవాళ్ళు, మేళం మొదలుపెట్టినవాళ్ళే ఇంకా వాయిస్తున్నారనుకుంటారు. నేను క్లారినెట్ ఊదుతాను, కార్యదర్శిని కూడా. మేళం నడిపించే మాస్టారు పోయాక ఆయన తాళం చూపే కర్ర నా చేతికొచ్చింది. జాతర్లకూ శవయాత్రలకూ మేమే వాయించేవాళ్ళం. కొన్నేళ్ళుగా జనం శవం బండికి ఒక స్పీకరు కట్టుకుని పోతున్నారు. స్పీకరుకు భోజనం పెట్టనక్కర్లేదు, అది పాత గొడవలు తవ్వదు. మేళం మూతపడే రోజు దగ్గరికొచ్చిందని మాకందరికీ తెలుసు. ఆ మాట పైకి అనని మర్యాద మాత్రం మాలో మిగిలింది.

అలాంటప్పుడు ఒక మధ్యాహ్నం, మునిసిపాలిటీ మాకిచ్చిన సాధన హాలు ముందు వ్యాను ఆగింది. అందులోంచి చెమటలు కక్కుతూ దర్శకుడు దీరెక్ వార్లీ దిగాడు. ఆయన తీస్తున్న 'మారికిత్ కన్నీటి చుక్క' అనే సీరియల్ షూటింగు మా ఊరి చివర పాత బంగళాలో జరుగుతోంది. కొత్త ఉత్తర్వు దెబ్బకు నాలుగు రోజులుగా ఎవరూ ఏడవక పని ఆగిపోయింది.

"ఆతే లిగాయా అంటే మీరేనా? మీవాళ్ళు ఎంతమంది ఆతే?" మావైపు ఆతే అంటే అక్క, దీరెక్ అంటే డైరెక్టరు.

"పదకొండు మంది, దీరెక్. పన్నెండోవాడికి మోకాళ్ళ నొప్పులు."

"జనాన్ని ఏడిపించగలరా?"

"మేం శవం వెంట నడుస్తుంటే పక్కవీధి వాళ్ళు కూడా ఏడుస్తారు."

"అంత బాగా వాయిస్తారా?"

"కొందరు అందుకే ఏడుస్తారు."

ఆయన మా ముఖాలన్నీ ఒకసారి చూసి, పెద్దగా ఊపిరి వదిలి, "రేపు ఆరింటికి వచ్చెయ్యండి" అన్నాడు. మావాళ్ళు ఐదింటికే వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నారు. బాంబోయ్ తాతయ్యయితే పెట్టెలోంచి పెళ్ళినాటి కోటు తీసి వేసుకొచ్చాడు.

మాలో అందరికంటే వెనక నిలబడేవాడు మాంగ్ దులో. డెబ్బై రెండేళ్ళు. ఒంటికి కొండచిలువలా చుట్టుకునే ఇత్తడి ట్యూబా ఊదుతాడు. బతుకుతెరువుకు ముప్పై ఎనిమిదేళ్ళు తాపీ పని చేశాడు. ఆయన ఎవరితోనూ వాదించగా ఎవరూ చూడలేదు. బజార్లో కుళ్ళిన చేప అంటగడితే తీసుకుని, "ఎండలు కదా, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు" అంటూ ఇంటికొచ్చేవాడు. వాదించే పని యావత్తూ ఆయన భార్య ఆలింగ్ కూరింగ్ చూసుకునేది. మేళంలో కూడా ఆయనది 'ఊం-పా, ఊం-పా' మాత్రమే. యాభై ఏళ్ళు ఊదినా, అది ఆయన ఊదుతున్నాడని శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు.

షూటింగు సజావుగా సాగింది. మొదటి రోజు నాయికా నాయకులు జీప్నీ బండిలో మొదటిసారి ఒకరినొకరు చూసుకోవాలి. ప్రేమ సంగీతం కావాలి కనక మేం పదకొండు మందిమీ ముందే ఎక్కి కూర్చున్నాం. నాయకుడికి చోటు దొరకలేదు. వెనక మెట్టు పట్టుకుని వేలాడుతూ, రెండు ట్రాంబోన్ల సందులోంచి ఆమె చెవి ఒకటి చూసి ప్రేమలో పడ్డాడు. అంతటి నిష్కల్మషమైన ప్రేమ ఈమధ్య తెరమీద రాలేదని పత్రికలు రాశాయి.

తర్వాత నాయిక మారికిత్ ఆసుపత్రిలో స్పృహ తప్పి పడి ఉన్న ఘట్టం. రోగి దగ్గర ఇద్దరే ఉండాలని నర్సు వేషధారి పట్టుబట్టింది. నేనూ డోలు బాంబోయ్ తాతయ్యా లోపల, మిగతావాళ్ళు వరండాలో. వరండాలోంచి సంగీతం సన్నగా వచ్చేసరికి మారికిత్ ప్రాణం పోతోందనుకుని సెబూలో ఒకామె కొవ్వొత్తులు వెలిగించిందట. చర్చిలో పాపం ఒప్పుకునే ఘట్టంలో, రహస్యం బయటికి పొక్కుతుందని పాదిరీ పాత్ర ట్రాంబోన్లను బయటికి పంపింది. ఇరవై ఏళ్ళ కిందటి కథ తీసేటప్పుడు, అదే మేళం అప్పుడూ ఉంది కనక మా అందరికీ జుట్టుకు నల్లరంగు వేశారు. మాంగ్ దులో ఆ రంగుతోనే ఇంటికి వెళ్ళాడు. ఆలింగ్ కూరింగ్ తలుపు తీసి ఒక్క క్షణం చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావయ్యా?" అందట. ఆ రాత్రికి రంగు కడగనివ్వలేదు. ఇక కలల విషయం. కలలో వాయించేవాళ్ళు కూడా కనబడాలా అని మేం మండలికి రాస్తే, కనబడాలి, తెల్లబట్టలు కట్టుకోవాలి అని జవాబొచ్చింది.

చిక్కు వచ్చింది పులుసు దగ్గర.

మారికిత్ పుట్టుక రహస్యం తెలిసిన సంపన్నురాలు దొన్యా ఇంపెరియా. ఆవిడ మారికిత్ గిన్నెలో విషం కలుపుతుంది. మారికిత్ అమాయకంగా చెంచా ఎత్తుతుంది. అక్కడ అపాయాన్ని సూచించే సంగీతం కావాలి. క్లారినెట్‌తో అపాయం రాదు, వస్తే పిల్లి వచ్చినట్టుంటుంది. నేను మాంగ్ దులో వైపు చూశాను. ఆయన బుగ్గలు పూరించి, మూడు స్వరాలు, ఒకదాని కింద ఒకటి మెట్లు దిగుతున్నట్టు, ఊదాడు.

భోం... భోం... భో.

కెమెరా పట్టుకున్నతను వెనక్కి తిరిగి చూశాడు. మేకప్ పిల్ల చేతిలో కాఫీ కింద పెట్టేసింది. మారికిత్ వేషం వేస్తున్న జెస్సా కూడా చెంచా గిన్నెలో పెట్టేసింది.

"కట్! ఏమైందమ్మా జెస్సా? తాగు!"

"దీరెక్, ఒక డౌటు. ఆయన ఊదింది నాకు వినబడుతుంది కదా? రూలు ప్రకారం?"

"వినబడుతుంది. అయితే?"

"అయితే నేనెందుకు తాగుతాను? కథలో నాకు జ్ఞాపకం పోయింది కానీ దీరెక్, చెవులు పోలేదుగా."

దీరెక్ వార్లీ కుర్చీలో కూర్చుని ఉత్తర్వు ప్రతిని నాలుగుసార్లు చదివాడు. వినబడాలని స్పష్టంగా ఉంది. విన్నాక ఏమీ పట్టనట్టు ఉండవచ్చునని ఎక్కడా లేదు. చేసేది లేక, మారికిత్ ట్యూబా వైపు చూసి, గిన్నె వైపు చూసి, పులుసును కుండీలో పారబోసినట్టు తీశారు. పూలమొక్క చచ్చింది. దేశం ఊపిరి పీల్చుకుంది.

ఆ తర్వాత మూడు వారాలు దొన్యా ఇంపెరియా ఒక్కరిని కూడా చంపలేకపోయింది. కారు బ్రేకులు తెంపింది, ట్యూబా మోగింది, అందరూ దిగి నడిచారు. పక్కమీద పాము వదిలింది, ట్యూబా మోగింది, మారికిత్ సోఫాలో పడుకుంది. దొంగ వీలునామా తీసుకొచ్చిన లాయరు నోరు తెరిచేలోగానే ట్యూబా మోగేసరికి, ఆయన క్షమించమని కాగితాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. దొన్యా వేషం వేసే ఆవిడ నిజానికి మెత్తటి మనిషి. విరామంలో మాంగ్ దులో పక్కన కూర్చుని బిబింగ్కా అనే బియ్యప్పిండి రొట్టె ముక్క ఆయన చేతిలో పెట్టి వాపోయింది.

"మాంగ్ దులో, నేను పొట్టకూటికి చంపేదాన్ని. మీరిలా మొదటే చెప్పేస్తే నాకు పనేముంటుంది చెప్పండి? కాస్త మెల్లగా ఊదకూడదూ?"

ఆయన బాధపడిపోయాడు. "నాదేం ఉందమ్మా, కర్ర ఆ అమ్మాయి చేతిలో ఉంది" అని నా వైపు చూపించాడు. ఆ బిబింగ్కా ముక్క మాత్రం తినలేదు. అంతమంది మీద విషప్రయోగం చేసిన చెయ్యి కదా, ఎందుకైనా మంచిదని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. అభిమానమూ పోలేదు, ప్రాణమూ పోలేదు.

సీరియల్ దేశంలో మొదటి స్థానానికి వెళ్ళింది. మొదటిసారిగా మంచివాళ్ళు బతికి బట్టకడుతున్న కథ కావడం వల్ల జనం దాన్ని అద్భుతమైన కల్పన అన్నారు. మాంగ్ దులోకు ఉత్తరాలు గుట్టలుగా వచ్చాయి. దావావ్ నుంచి ఒక వధువు, పెళ్ళికొడుకు ఫొటో పంపి, దాన్ని చూసి ఏం ఊదబుద్ధవుతుందో రాయమంది. మా బజార్లో ఎవరైనా ముక్కుతో ఆ మూడు స్వరాలు తీస్తే చేపలమ్మే ఆవిడ తక్కెడ మీంచి బొటనవేలు తీసేసేది. పేకాటలో ముక్కలు కింద పడేవి. ఇళ్ళలో మొగుళ్ళు, అడక్కుండానే, నిన్న ఎక్కడికి వెళ్ళారో చెప్పేవారు.

"యాభై ఏళ్ళలో ఈయన నాతో ఎదురు మాట అనలేదు" అని ఆలింగ్ కూరింగ్ ఇంటికొచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "ఇప్పుడు దేశమంతా ఆయన మాట వింటోంది. అనేది మూడే మాటలు, అందులోనూ మూడోది సగమే."

ఆ మాట అంటున్నప్పుడు మాంగ్ దులో తల వంచుకుని ఇత్తడి తుడుచుకుంటూ ఉండేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

మా మేయరు గౌరవనీయ ప్రుదెన్సియో బాల్తావో గారు సంగీతాభిమాని అని మాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు మూడేళ్ళు మా హాలు పైకప్పు కారుతోందని అర్జీలు పెట్టినప్పుడు ఆ అభిమానం బయటపడలేదు. ఇప్పుడాయన మమ్మల్ని ఊరి ఆస్తిగా ప్రకటించి, తాను ఎక్కడికి వచ్చినా 'నాయక ప్రవేశం' వాయించాలని ఆదేశించారు. సీరియల్లో నాయకుడు వచ్చినప్పుడు వాయించేదే, బాకాలూ డోళ్ళూ కలిసి గుర్రం ఎగిరొచ్చినట్టుంటుంది. ఆయన రక్తదాన శిబిరానికి వచ్చినా అదే, పరామర్శకు వచ్చినా అదే. ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాం. ఆ సంగీతం వినగానే జనం తమకు తెలియకుండానే నిటారుగా నిలబడి చిరునవ్వు నవ్వేవారు. పన్ను పీకించుకుని బయటికొస్తున్న ఆయన్ని చూసి ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు.

ఆగస్టులో కొత్త వంతెన ప్రారంభం. ఏటికి అవతల ఉన్న పిల్లలు పాత వెదురు వంతెన మీద బడికి వచ్చేవారు. దాని స్థానంలో మేయరుగారు కాంక్రీటు వంతెన కట్టించారు. లేత గులాబీ రంగు, ఆయన పేరున్న ఫలకాలు నాలుగు, ఫొటో ఉన్నవి ఆరు. ఉదయం పదింటికి ముహూర్తం. ఊరంతా వంతెన మీదే నిలబడి ఫొటో దిగాలని ఏర్పాటు. మమ్మల్ని ఎనిమిదింటికే రమ్మన్నారు.

మాంగ్ దులో రెయిలింగు పక్కన కూర్చుని ట్యూబా నేలమీద ఆనించాడు. కుర్చీలు తెచ్చిన లారీ వంతెన మీద నుంచి పోయింది. ఆయన ముఖం మారిపోయింది. ట్యూబాలోంచి మూతిభాగం ఊడదీసి, దానితో స్తంభాన్ని నాలుగుచోట్ల తట్టి, చెవి ఆనించి విన్నాడు. వంగి ఒక బీటలోకి చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"లిగాయా, ఇది మోగుతోందమ్మా."

"ఏది, మాంగ్ దులో?"

"వంతెన. కాంక్రీటు మోగకూడదు. ఇది డోలులా మోగుతోంది. లోపల బోలు. ఆ పగుల్లో చూశాను. ఇనప చువ్వ ఉండాల్సిన చోట వెదురుబద్ద ఉంది."

"ఇంజనీరుగారికి చెప్పండి."

చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్ళు తాపీ పట్టిన మనిషి, ఇరవై తొమ్మిదేళ్ళ ఇంజనీరు ముందు టోపీ చేత్తో పట్టుకుని నిలబడి చెప్పాడు. ఇంజనీరు ఆయన భుజం తట్టి, "తాతా, మీ ఊదుడు మా అమ్మకు చాలా ఇష్టం" అని ఫొటో దిగి వెళ్ళిపోయాడు.

పదింటికి ఆరువందల మంది వంతెన మీదకు చేరారు. పిల్లలు ముందు వరసలో, కాగితం పళ్ళేల్లో పన్సిత్ నూడుల్స్ తింటూ. మేయరుగారు వచ్చారు. మేం గుర్రాన్ని ఎగిరించాం. ఆయన మైకు అందుకున్నారు.

"నా సోదర సోదరీమణులారా! వంతెన అంటే ఏమిటి? ఈ గట్టును ఆ గట్టుతో కలిపేది వంతెన. కాని నేను అడుగుతున్నాను, ఆ గట్టును ఈ గట్టుతో కలిపేది ఏది? అదీ వంతెనే! ఇంతటి దూరదృష్టితో కట్టిన ఈ వంతెన మీ మనవల మనవలను మొయ్యగలదని..."

భోం... భోం... భో.

నేను కర్ర ఎత్తలేదు. ఆ సంగతి తర్వాత ప్రమాణం చేసి చెప్పాను కూడా.

తొక్కిసలాట ఏమీ జరగలేదు. అరవై ఎపిసోడ్ల శిక్షణ ఉన్న జనం. అందరూ చెంచాలు పళ్ళేల్లో పెట్టారు. పళ్ళేలు కింద పెట్టారు. పిల్లల చేతులు పట్టుకున్నారు. వెనక్కి తిరిగి, ఎవరి గట్టు వైపు వాళ్ళు, నిశ్శబ్దంగా దిగిపోవడం మొదలుపెట్టారు. మేయరుగారు మైకుతో పాటు ఒంటరిగా మిగులుతున్నారు.

"ఆతే లిగాయా! నా పాట! నా పాట వాయించండి!" అని అరిచారు.

నాకు మా హాలు గుర్తొచ్చింది. దాని తాళాలు మునిసిపాలిటీవి. కర్ర ఎత్తాను. నాయక ప్రవేశం మొదలైంది. దిగుతున్న జనం ఆగి, నిటారుగా నిలబడి, చిరునవ్వు నవ్వి, మళ్ళీ వంతెన ఎక్కారు. భోం భోం భో. దిగారు. నేను కర్ర ఊపాను. ఎక్కారు. భోం భోం భో. దిగారు. ఇలా నాలుగుసార్లు. దూరం నుంచి చూసినవాళ్ళు అదేదో కొత్త జానపద నృత్యమనుకుని ఫోన్లలో పట్టారు. అది ఇప్పటికీ పర్యాటక శాఖ ప్రకటనలో ఉంది.

ఐదోసారి ఎక్కినప్పుడు మాంగ్ దులోకు ఊపిరి చాలలేదు. ట్యూబా దించి, లేచి నిలబడి, జీవితంలో మొదటిసారి నలుగురిలో గొంతెత్తాడు.

"దిగండయ్యా! దిగండి! లోపల వెదురుంది! నేను తాపీవాణ్ణి, నాకు తెలుసు! పిల్లల్ని దించండి!"

ఆరువందల మంది ఆయన వైపు చూశారు. వెనక సంగీతం లేదు. అందువల్ల ఆ మాట నిజమో, హాస్యమో, దుఃఖమో ఎవరికీ అంతుబట్టలేదు. "ఏమంటున్నాడు?" అని ఒకరినొకరు అడిగారు. "డైలాగు మర్చిపోయినట్టున్నాడు" అన్నారెవరో. ఒకరిద్దరు మర్యాదగా చప్పట్లు కొట్టారు.

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నేను వర్ణించను. నా చేతిలో కర్ర మళ్ళీ పైకి లేచి ఉంది. దాన్ని నేను దించాను. మేళం మళ్ళీ మొదలవలేదు. అంతకంటే ఎక్కువ ధైర్యం చేశానని మాత్రం చెప్పుకోలేను.

అప్పుడాయన ఉన్న ఊపిరంతా కూడదీసుకుని ఊదాడు. ఈసారి మూడు స్వరాలు కాదు. మూడోది ఎంతకీ ఆపలేదు. జనం నడవలేదు, పరిగెత్తారు. మేళం కూడా పరిగెత్తింది. పన్నెండోవాడు మోకాళ్ళ నొప్పులతో ఆ రోజే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు, అందరికంటే ముందు గట్టు చేరింది అతనే.

మేయరుగారు వంతెన మధ్యలో మిగిలారు. "చూడండి! ఎంత గట్టిదో చూడండి!" అంటూ ధీమాగా రెయిలింగుకు ఆనుకున్నారు. రెయిలింగు ఆయనతోపాటు, ఆయన ఫొటోలు రెండింటితోపాటు, పక్కనున్న పదడుగుల నేలతోపాటు ఏట్లోకి దిగింది. నీళ్ళు మోకాటిలోతు, బురద పిక్కలోతు. ఆయనకు గీత కూడా పడలేదు. మైకు పనిచేస్తూనే ఉంది. విరిగినచోట వెదురుబద్దలు, సగం అల్లిన బుట్టలా, శుభ్రంగా కనబడ్డాయి. పిల్లలు అప్పటిదాకా నిలబడి పన్సిత్ తిన్న పదడుగులు అవే.

విచారణకు తొమ్మిదిమంది నిపుణుల సంఘం వేశారు. నలభై రోజులు శ్రమించి వాళ్ళు నిజం కనిపెట్టారు. వంతెనలో లోపమేమీ లేదు. వెదురు స్వదేశీ పరిజ్ఞానం. కాంక్రీటు వయసులో చిన్నది కనక, ట్యూబా వంటి మంద్రస్వరాలకు బెదిరింది. ఇకమీదట ఆ వంతెన మీదికి ఎవరూ ట్యూబా తీసుకురాకూడదు.

మనిలాలో మండలి కూడా తన ఉత్తర్వును ఉపసంహరించుకుంది. వాయించేవాళ్ళను కథలో ఉండనిస్తే పాత్రలకు తెలియకూడని నిజాలు తెలిసిపోతున్నాయని, దానివల్ల కథలకూ శాంతిభద్రతలకూ భంగం కలుగుతోందని కారణం చూపింది. వయొలిన్లు మళ్ళీ గాలిలోకి వెళ్ళిపోయాయి. మొదటి వారంలోనే దొన్యా ఇంపెరియా ముగ్గుర్ని ప్రశాంతంగా చంపింది. మారికిత్ పులుసు తాగింది. దేశం హాయిగా ఏడ్చింది.

మా హాలు మాకే ఉంది. పైకప్పు కూడా వేశారు. అందుకు ఒక చిన్న కాగితం మీద సంతకం కావలసి వచ్చింది. సాన్ బెనితో మేళంలో ఇకపై ట్యూబా ఉండదు అని. కార్యదర్శిని కనక నేను పెట్టాను. దాని నకలు ఒకటి మాంగ్ దులోకు ఇవ్వాలి, నేనే తీసుకెళ్ళాను. ఆలింగ్ కూరింగ్ నన్ను కూర్చోమనలేదు, తిట్టలేదు కూడా. ఆవిడ తిట్టకపోవడం నేను అదే మొదటిసారి చూడడం. మాంగ్ దులో కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం చివరిదాకా చదివాడు.

"నీ సంతకం బాగుందమ్మా" అన్నాడు. "గుండ్రంగా ఉంది."

వ్యంగ్యం ఆయనకు చేతకాదు. నిజంగానే బాగుందనుకున్నాడు.

వంతెనకు విరిగిన పదడుగులూ మళ్ళీ అతికారు, గులాబీ రంగు వేశారు. ఈసారి మేయరుగారు రెయిలింగు లోపల ఆ చివర నుంచి ఈ చివర దాకా స్పీకర్లు పెట్టించారు. బయటికి కనబడవు. తెల్లారిందగ్గర నుంచి పొద్దుగూకేదాకా వయొలిన్లు మోగుతుంటాయి. ఎంత కమ్మగా ఉంటుందో చెప్పలేను. మొదటి అడుగు వేసేటప్పుడు కాస్త గుబులనిపించినా, నాలుగో అడుగుకు అంతా మంచే జరుగుతుందన్న నమ్మకం కలుగుతుంది. పిల్లలు గంతులేస్తూ బడికి పోతారు. నేను రోజుకు రెండుసార్లు దాటుతాను. మీరు మా వైపు వస్తే మీరూ దాటండి. ఏమీ అనిపించదు.

మాంగ్ దులోను ఇప్పుడు అవతలి గట్టున ఒక చిన్న మేళం వాళ్ళు చావులకు పిలుస్తారు. ట్యూబాతో వంతెన ఎక్కకూడదు కనక, పంట్లాం పైకి మడిచి, ట్యూబా తలమీద పెట్టుకుని ఏట్లో నడిచిపోతాడు. వంతెన మధ్యకొచ్చేసరికి సరిగ్గా కింద ఆయన కనిపిస్తాడు. మేమందరం చెయ్యి ఊపుతాం. ఆయన ఆగి, పైకి చూసి, ఏదో అంటాడు.

ఏమంటాడో మాకు వినబడదు. అక్కడ వయొలిన్లు మరీ బాగుంటాయి.